పేచెక్ ప్రొటెక్షన్ ప్రోగ్రాం లబ్ధిదారులపై వివాదం

ఈ వ్యాసం అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 2020-21లో అమలైన ఋణ పథకం గురించి. భారతదేశంలో పీపీపీ అని వ్యవహరించే ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం వేరు.

పేచెక్ ప్రొటెక్షన్ ప్రోగ్రాం అనేది కోవిడ్-19 మహమ్మారి కాలంలో అమెరికా సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వం చిన్న వ్యాపారాలకు ఇచ్చిన ఋణాల పథకం. దీనిని సంక్షిప్తంగా పీపీపీ అంటారు. "పేచెక్" అంటే జీతపు చెక్కు. ఉద్యోగులకు జీతాలు ఆగిపోకుండా చూడటం పథకం ఉద్దేశ్యం కనుక ఆ పేరు వచ్చింది. 2020 ఏప్రిల్ 3న మొదలై, మధ్యలో కొన్ని నెలల విరామంతో 2021 మే 31 వరకు కొనసాగిన ఈ పథకం క్రింద 1 కోటి 10 లక్షలకు పైగా ఋణాలు మంజూరయ్యాయి. వాటి మొత్తం విలువ సుమారు 80,000 కోట్ల డాలర్లు. నిర్ణీత నియమాల ప్రకారం ఖర్చు చేస్తే ఋణం తిరిగి చెల్లించనక్కరలేదు. అందువలన ఇది పేరుకు ఋణమైనా చాలావరకు ప్రభుత్వ సహాయమే అయింది.

ఈ సొమ్ము ఎవరికి చేరింది, ఎవరికి చేరలేదు, చేరినవారికి నిజంగా అవసరం ఉన్నదా అనే ప్రశ్నలపై అమెరికాలో పెద్ద చర్చ జరిగింది. పథకానికి అర్హులెవరో చట్టం చెప్పింది. కాని అర్హులలో ఎవరికి ముందు అందాలో, ఎవరికి ఎక్కువ అవసరమో చట్టం నిర్ణయించలేదు. ఆ నిర్ణయం ఆచరణలో బ్యాంకుల చేతిలోకి, దరఖాస్తు చేసిన వేగంలోకి వెళ్ళింది. వివాదానికి మూలం ఇదే.

నేపథ్యం

2020 మార్చిలో కోవిడ్-19 వ్యాప్తిని అరికట్టడానికి అమెరికాలోని అనేక రాష్ట్రాలు హోటళ్ళు, దుకాణాలు, క్షౌరశాలలు, వ్యాయామశాలలు, సినిమా హాళ్ళు మూసివేయించాయి. మార్చి 21తో ముగిసిన ఒక్క వారంలో 30 లక్షలకు పైగా ప్రజలు నిరుద్యోగ భృతికి దరఖాస్తు చేసుకున్నారు. ఆ మరుసటి వారంలో ఈ సంఖ్య రెట్టింపును మించింది. ఏప్రిల్ నాటికి నిరుద్యోగ రేటు సుమారు 15 శాతానికి చేరింది.

ఈ పరిస్థితిలో అమెరికా కాంగ్రెసు సుమారు 2.2 లక్షల కోట్ల డాలర్ల వ్యయంతో కేర్స్ చట్టాన్ని ఆమోదించింది. అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ 2020 మార్చి 27న దానిపై సంతకం చేశాడు. పేచెక్ ప్రొటెక్షన్ ప్రోగ్రాం ఆ చట్టంలోని ఒక భాగం. మొదట దీనికి 34,900 కోట్ల డాలర్లు కేటాయించారు. స్మాల్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థకు (ఈ వ్యాసంలో ఇకపై "చిన్న వ్యాపారాల సంస్థ") అమలు బాధ్యత అప్పగించారు. ఆర్థిక శాఖ దానికి తోడుగా నిలిచింది. చట్టం అమలులోకి వచ్చిన వారం రోజులలోనే దరఖాస్తులు స్వీకరించడం మొదలైంది.

పథకం స్వరూపం

ప్రభుత్వం ఈ డబ్బును నేరుగా వ్యాపారులకు ఇవ్వలేదు. బ్యాంకులు, పరపతి సంఘాలు, ఇతర ఋణ సంస్థలు తమ సొమ్మును అప్పుగా ఇస్తే, దానికి ప్రభుత్వం నూటికి నూరు శాతం హామీగా నిలిచింది. పథకంలోని ముఖ్యమైన నియమాలు ఇవి:

- సాధారణంగా 500 మంది లేక అంతకంటే తక్కువ ఉద్యోగులు ఉన్న వ్యాపారాలు అర్హమైనవి. లాభాపేక్ష లేని కొన్ని సంస్థలకు, స్వయం ఉపాధి పొందేవారికి కూడా అర్హత ఉంది.
- హోటళ్ళు, భోజనశాలల విషయంలో 500 మంది పరిమితిని మొత్తం కంపెనీకి కాక ఒక్కొక్క శాఖకు విడిగా లెక్కించారు.
- ఋణం సగటు నెల జీతాల ఖర్చుకు రెండున్నర రెట్లు. గరిష్ఠ పరిమితి 1 కోటి డాలర్లు. సంవత్సరానికి లక్ష డాలర్లకు మించిన జీతంలో లక్ష వరకే లెక్కలోకి తీసుకుంటారు.
- వడ్డీ 1 శాతం. తాకట్టు గాని, వ్యక్తిగత హామీ గాని అవసరం లేదు.
- ఉద్యోగులను, వారి జీతాలను నిలబెట్టి, ఋణంలో నిర్ణీత భాగాన్ని జీతాలకు వాడితే మొత్తం ఋణం మాఫీ అవుతుంది. జీతాలకు వాడవలసిన భాగం మొదట 75 శాతం. 2020 జూన్‌లో దీనిని 60 శాతానికి తగ్గించారు. మిగిలిన భాగాన్ని అద్దె, విద్యుత్తు వంటి ఖర్చులకు వాడవచ్చు.

ఉదాహరణకు, పదిమంది పనిచేసే ఒక క్షౌరశాలలో నెలకు జీతాల ఖర్చు 30,000 డాలర్లు అనుకుందాం. దానికి 75,000 డాలర్ల ఋణం లభిస్తుంది. అదే స్వయంగా టాక్సీ నడుపుకొనే వ్యక్తికి జీతాల పద్దు ఉండదు కనుక, మొదట్లో అతని నికర లాభాన్నే లెక్కలోకి తీసుకున్నారు. సంవత్సరానికి 24,000 డాలర్లు మిగిలితే నెలకు 2,000 చొప్పున 5,000 డాలర్లు వస్తాయి. ఏమీ మిగలకపోతే ఏమీ రాదు. ఎన్ని ఎక్కువ జీతాలు చెల్లిస్తే అంత ఎక్కువ ఋణం అనేదే ఈ లెక్కలోని సూత్రం. వ్యాపారం ఎంత నష్టపోయిందనే ప్రశ్న ఇందులో లేదు.

దరఖాస్తుదారు "ప్రస్తుత ఆర్థిక అనిశ్చితి వలన ఈ ఋణం అవసరం" అనే భావం గల ధ్రువీకరణపై సంతకం చేస్తే చాలు. ఆదాయం పడిపోయినట్లు రుజువు చూపనక్కరలేదు. చిన్న వ్యాపారాల సంస్థ ఋణాలకు మామూలుగా ఉండే "వేరొక చోట అప్పు పుట్టదు" అనే షరతును కూడా ఈ పథకానికి తొలగించారు.

తెలుగు పాఠకులకు పరిచయమున్న వ్యవసాయ ఋణమాఫీకి, దీనికి ఒక తేడా ఉంది. వ్యవసాయ ఋణాల విషయంలో అప్పు ఇచ్చిన చాలాకాలం తరువాత మాఫీ నిర్ణయం వెలువడుతుంది. ఈ పథకంలో అప్పు ఇచ్చేనాడే మాఫీ నియమం కూడా చట్టంలో ఉంది.

మొదటి విడత: పదమూడు రోజులు

మొదటి విడతలో దరఖాస్తులను "ముందు వచ్చినవారికి ముందు" అనే పద్ధతిలో ఆమోదించారు. 2020 ఏప్రిల్ 16 నాటికి, అంటే పదమూడు రోజులలో, కేటాయించిన నిధులన్నీ అయిపోయాయి. అప్పటికి దాదాపు 5,000 ఋణ సంస్థల ద్వారా సుమారు 16 లక్షల 60 వేల ఋణాలు మంజూరయ్యాయి. ఒక్కొక్క ఋణం సగటున 2 లక్షల 6 వేల డాలర్లు. సంఖ్యలో చూస్తే 1,50,000 డాలర్లు లేక అంతకంటే తక్కువ ఋణాలు నూటికి 74. కాని మొత్తం సొమ్ములో వాటి వాటా 17 శాతం మాత్రమే.

వరుసలో ముందు నిలబడగలిగినవారు ఎవరు అన్నది ఇక్కడ ప్రధానమైన ప్రశ్న. పెద్ద వ్యాపారాలకు సొంత గణాంక ఉద్యోగులు, న్యాయవాదులు, బ్యాంకులో తెలిసిన అధికారులు ఉంటారు. జీతాల లెక్కలు, పన్నుల కాగితాలు వారివద్ద సిద్ధంగా ఉంటాయి. ఇద్దరు ముగ్గురితో నడిచే దుకాణదారుకు ఇవేవీ ఉండవు. కొన్ని పెద్ద బ్యాంకులు మొదటి రోజులలో తమవద్ద ఇదివరకే ఖాతా గాని, అప్పు గాని ఉన్నవారి దరఖాస్తులే తీసుకున్నాయి. స్వయం ఉపాధి పొందేవారి దరఖాస్తులు అందరికంటే వారం రోజులు ఆలస్యంగా, ఏప్రిల్ 10న మొదలయ్యాయి. అప్పటికి నిధులు అయిపోవడానికి వారం రోజులే మిగిలి ఉంది.

బ్యాంకులకు చెల్లించిన రుసుము కూడా విమర్శకు గురైంది. 3,50,000 డాలర్ల వరకు ఉన్న ఋణంపై 5 శాతం, 20 లక్షల లోపు ఋణంపై 3 శాతం, ఆపైన 1 శాతం చొప్పున ప్రభుత్వం బ్యాంకులకు రుసుము ఇచ్చింది. శాతం తక్కువైనా పెద్ద ఋణంపై వచ్చే మొత్తం ఎక్కువ. 20,000 డాలర్ల ఋణం ఇస్తే బ్యాంకుకు 1,000 డాలర్లు వస్తాయి. 50 లక్షల ఋణం ఇస్తే 50,000 డాలర్లు వస్తాయి. రెండింటికీ పట్టే శ్రమలో అంత తేడా ఉండదు. కనుక బ్యాంకులు పెద్ద ఖాతాదారులకు ప్రాధాన్యం ఇచ్చాయని ఆరోపిస్తూ కొన్ని బ్యాంకులపై దావాలు దాఖలయ్యాయి.

వెనుకబడిన వర్గాల, గ్రామీణ ప్రాంతాల వ్యాపారాలకు ప్రాధాన్యం ఇవ్వాలన్నది కేర్స్ చట్టంలో వ్యక్తమైన ఆశయం. అయితే దీనికి తగిన ఆదేశాలు ఋణ సంస్థలకు ఇవ్వలేదని చిన్న వ్యాపారాల సంస్థకు చెందిన ఇన్‌స్పెక్టర్ జనరల్ 2020 మే నెలలో ఇచ్చిన నివేదికలో పేర్కొన్నాడు. యజమాని జాతి, లింగం వంటి వివరాలను దరఖాస్తులో అడగనందువలన, ఆ వర్గాలకు సహాయం ఏమేరకు అందిందో లెక్కించడం కూడా కష్టమైంది.

పెద్ద కంపెనీలు, తిరిగి ఇచ్చిన ఋణాలు

నిధులు అయిపోయిన కొద్ది రోజులకే, స్టాక్ మార్కెట్టులో నమోదైన కొన్ని కంపెనీలు ఈ ఋణాలు పొందినట్లు వెల్లడైంది. అటువంటి కంపెనీలు తమ ఆర్థిక విషయాలను చట్టప్రకారం బహిరంగంగా ప్రకటించాలి కనుక ముందుగా వాటి పేర్లే బయటపడ్డాయి. శాఖలవారీ లెక్కింపు వలన భోజనశాలల గొలుసు సంస్థలకు అర్హత లభించింది. వాటిలో కొన్ని:

- షేక్ షాక్: వేలమంది ఉద్యోగులు గల ఈ బర్గర్ల కంపెనీ 1 కోటి డాలర్లు పొంది, విమర్శలు రాగా ఏప్రిల్‌లోనే తిరిగి ఇచ్చివేసింది.
- రూత్స్ క్రిస్: ఈ భోజనశాలల కంపెనీ రెండు అనుబంధ సంస్థల ద్వారా 2 కోట్ల డాలర్లు పొందింది. తరువాత తిరిగి చెల్లించింది.
- ఆటోనేషన్: కార్ల విక్రయ సంస్థ. సుమారు 7.7 కోట్ల డాలర్ల ఋణాలను వెనక్కి ఇచ్చింది.
- లాస్ ఏంజెలెస్ లేకర్స్: ప్రసిద్ధ బాస్కెట్‌బాల్ జట్టు. సుమారు 46 లక్షల డాలర్లు పొంది తిరిగి ఇచ్చింది.

ఈ సంస్థలు చట్టాన్ని ఉల్లంఘించి ఋణాలు పొందాయని చెప్పలేము. నియమాలు అనుమతించిన దానినే అవి కోరాయి. భోజనశాలల ఉద్యోగులు ఏ కంపెనీలో పనిచేసినా ఉద్యోగం పోతే ఇబ్బంది పడేవారేనన్నది ఆ సంస్థల వాదన. అయితే పక్క వీధిలోని చిన్న భోజనశాలకు నిధులు లేవని చెప్పిన వారంలోనే ఈ వార్తలు రావడంతో ప్రజాగ్రహం తీవ్రమైంది.

ఏప్రిల్ 23న ఆర్థిక శాఖ కొత్త వివరణ ఇచ్చింది. పెట్టుబడి మార్కెట్టులో డబ్బు సమకూర్చుకోగల పెద్ద కంపెనీ "ఋణం అవసరం" అని నిజాయితీగా ధ్రువీకరించడం కష్టమని దాని సారాంశం. అటువంటివారు ఋణం తిరిగి ఇచ్చివేస్తే చర్య ఉండదని చెబుతూ గడువు ఇచ్చారు. ఈ గడువును మే 18 వరకు పొడిగించారు. 20 లక్షల డాలర్లు దాటిన ప్రతి ఋణాన్ని తనిఖీ చేస్తామని ఆర్థిక శాఖాధిపతి స్టీవెన్ మనూచిన్ ప్రకటించాడు. అయితే మే 13న వెలువడిన మరొక వివరణ ప్రకారం 20 లక్షలకు లోబడిన ఋణాలన్నిటిలో అవసరం గురించిన ధ్రువీకరణను నిజాయితీ గలదిగానే భావిస్తారు. ఆ విధంగా అత్యధిక సంఖ్యాకులకు "అవసరం" అనే ప్రశ్న ముగిసిపోయింది.

పేర్ల వెల్లడి

సొమ్ము ప్రజలది కనుక పొందినవారి పేర్లు ప్రజలకు తెలియాలని పత్రికలు, పలువురు కాంగ్రెసు సభ్యులు కోరారు. ఋణ మొత్తాన్ని బట్టి ఒక వ్యాపారం చెల్లించే జీతాలు తెలిసిపోతాయని, అవి వ్యాపార రహస్యాలని 2020 జూన్‌లో మనూచిన్ సెనేటులో సమాధానమిచ్చాడు. దీనిపై విమర్శలు చెలరేగగా ప్రభుత్వం కొంత వెనక్కి తగ్గింది. 2020 జూలై 6న 1,50,000 డాలర్లు, ఆపైన ఋణం పొందిన సుమారు 6 లక్షల 60 వేల సంస్థల పేర్లను ప్రకటించింది. కచ్చితమైన మొత్తాలను మాత్రం ఇవ్వలేదు. "3.5 లక్షల నుండి 10 లక్షల వరకు" వంటి శ్రేణులను ఇచ్చింది. అంతకంటే చిన్న ఋణాల వివరాలు పేర్లు లేకుండా వెలువడ్డాయి.

వాషింగ్టన్ పోస్ట్ తదితర వార్తాసంస్థలు సమాచార స్వేచ్ఛ చట్టం క్రింద న్యాయస్థానాన్ని ఆశ్రయించాయి. ఈ చట్టం భారతదేశంలోని సమాచార హక్కు చట్టం వంటిది. సమాచారం ఈ చట్టం క్రింద వెల్లడి కావచ్చునని దరఖాస్తు ఫారంలోనే వ్రాసి ఉన్నది. 2020 నవంబరు 5న న్యాయమూర్తి జేమ్స్ బోస్‌బర్గ్ అన్ని పేర్లను, కచ్చితమైన మొత్తాలను ప్రకటించాలని ఆదేశించాడు. ఆ ప్రకారం డిసెంబరు 1న పూర్తి జాబితా వెలువడింది.

ఆ జాబితాను పరిశీలించగా, అప్పటివరకు ఇచ్చిన 52,000 కోట్ల పైచిలుకు డాలర్లలో సగానికి మించిన సొమ్ము 5 శాతం ఋణగ్రహీతలకు చేరినట్లు తేలింది. నాలుగవ వంతుకు పైగా సొమ్ము ఒక్క శాతం మందికి చేరింది. సుమారు 600 సంస్థలు గరిష్ఠ పరిమితియైన 1 కోటి డాలర్లు పొందాయి. ఎక్కువమంది ఉద్యోగులు గల సంస్థకు ఎక్కువ ఋణం రావడం లెక్క ప్రకారం సహజమే. కాని పథకాన్ని "చిన్న వ్యాపారాల" పేరుతో ప్రకటించినందువలన ఈ అంకెలు చర్చకు దారితీశాయి.

జాబితాలో చర్చనీయాంశమైనవారు

- రాజకీయ సంబంధాలు గలవారు: అప్పటి రవాణా శాఖాధిపతి ఎలేన్ చావో కుటుంబానికి చెందిన నౌకా సంస్థ, అధ్యక్షుని అల్లుడు జారెడ్ కుష్నర్ కుటుంబంతో సంబంధమున్న సంస్థలు, ఉభయ పక్షాలకు చెందిన కొందరు కాంగ్రెసు సభ్యుల లేక వారి కుటుంబ సభ్యుల వ్యాపారాలు జాబితాలో కనిపించాయి. మొదటి చట్టంలో దీనికి నిషేధం లేదు.
- మత సంస్థలు: చర్చిలు, ఇతర ప్రార్థనా సంస్థలు కూడా అర్హమైనవి. కాథలిక్ చర్చికి చెందిన వివిధ సంస్థలకు కనీసం 140 కోట్ల డాలర్లు చేరినట్లు అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 2020 జూలైలో లెక్కించింది. మతానికి, రాజ్యానికి మధ్య ఉండవలసిన దూరం గురించి దీనిపై చర్చ జరిగింది.
- ప్రభుత్వ వ్యయాన్ని వ్యతిరేకించే సంస్థలు: పన్నుల తగ్గింపు కోసం పనిచేసే అమెరికన్స్ ఫర్ టాక్స్ రిఫార్మ్‌కు అనుబంధమైన ఫౌండేషన్, ప్రభుత్వ జోక్యాన్ని వ్యతిరేకించే అయిన్ రాండ్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఋణాలు పొందాయి. తాము చెల్లించిన పన్నులలో కొంత తిరిగి పొందడం తప్పు కాదన్నది అటువంటివారి వాదన.
- న్యాయవాద సంస్థలు, ప్రసిద్ధుల కంపెనీలు: ధనిక న్యాయవాద సంస్థలు, గాయకుడు కాన్యే వెస్ట్‌కు చెందిన యీజీ కంపెనీ ఇందులో ఉన్నాయి.

జాబితాలో తప్పులు కూడా దొర్లాయి. తాము ఋణమే పొందలేదని కొన్ని సంస్థలు ప్రకటించాయి. జాబితాలో పేరు ఉండటం నేరానికి గాని, అనర్హతకు గాని రుజువు కాదన్నది గమనించవలసిన విషయం.

ఉభయపక్షాల వాదనలు

పథకాన్ని సమర్థించేవారు ముఖ్యంగా వేగాన్ని ప్రస్తావించారు. లక్షలాది వ్యాపారాల ఆదాయాన్ని విడివిడిగా పరిశీలించి ఉంటే సహాయం చేరేసరికి ఆ వ్యాపారాలే మిగలవని వారు వాదించారు. 2020 ఏప్రిల్‌లో మహమ్మారి ఎంతకాలం ఉంటుందో ఎవరికీ తెలియదు. నాడు బాగున్న వ్యాపారం మరునెలలో మూతపడే అవకాశం ఉంది. పైగా దేశమంతటా శాఖలున్న బ్యాంకులు తప్ప అంత త్వరగా డబ్బు పంచగల యంత్రాంగం చిన్న వ్యాపారాల సంస్థకు లేదు. మామూలు సంవత్సరాలలో ఆ సంస్థ హామీ ఇచ్చే ఋణాలతో పోలిస్తే ఈ పథకం ఎన్నో రెట్లు పెద్దది.

విమర్శకులు వేగం అవసరాన్ని కాదనలేదు. వేగానికి మూల్యం ఎవరు చెల్లించారని ప్రశ్నించారు. నిధులకు పరిమితి ఉన్నప్పుడు "ముందు వచ్చినవారికి ముందు" అనే పద్ధతి తటస్థమైనది కాదని, అది సిద్ధంగా ఉన్నవారికి అనుకూలమని వారు చెప్పారు. అవసరానికి రుజువు అడగకపోవడం వలన మహమ్మారిలోనూ లాభాలు పొందిన సంస్థలకు సహాయం అందిందని, బ్యాంకు సంబంధం లేనివారు మిగిలిపోయారని విమర్శించారు. మాఫీ అయిన మొత్తంపై కేంద్ర ఆదాయపు పన్ను లేకపోవడం, 2020 డిసెంబరు చట్టం తరువాత ఆ సొమ్ముతో చేసిన ఖర్చులను కూడా పన్ను లెక్కలో తగ్గించుకోనివ్వడం రెండింతల లాభమని కొందరు ఆర్థికవేత్తలు అభిప్రాయపడ్డారు.

నియమాలలో మార్పులు

ప్రజా చర్చ ఫలితంగా పథకం క్రమంగా మారింది. 2020 ఏప్రిల్ 24 నాటి చట్టం మరో 31,000 కోట్ల డాలర్లు కేటాయించి, అందులో 6,000 కోట్లను చిన్న, మధ్యతరహా ఋణ సంస్థల ద్వారా ఇవ్వాలని నిర్దేశించింది. 2020 డిసెంబరు 27న అమలులోకి వచ్చిన చట్టం మరో 28,400 కోట్లు కేటాయించి ఈ మార్పులు చేసింది:

- రెండవసారి ఋణం కోరేవారికి 300 మందికి మించి ఉద్యోగులు ఉండరాదు. ఏదో ఒక త్రైమాసికంలో ఆదాయం కనీసం 25 శాతం పడిపోయినట్లు చూపాలి. గరిష్ఠ పరిమితి 20 లక్షల డాలర్లు.
- స్టాక్ మార్కెట్టులో నమోదైన కంపెనీలు అనర్హమైనవి.
- అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, శాఖాధిపతులు, కాంగ్రెసు సభ్యులు, వారి జీవిత భాగస్వాములు 20 శాతం లేక అంతకు మించిన వాటాతో నియంత్రించే వ్యాపారాలకు కొత్త ఋణాలు ఇవ్వరాదు.

2021 జనవరి 11న పథకం తిరిగి మొదలైనప్పుడు తొలి రోజులలో వెనుకబడిన ప్రాంతాలలో పనిచేసే సామాజిక ఋణ సంస్థలకే అవకాశం ఇచ్చారు. అధ్యక్షుడు జో బైడెన్ ప్రభుత్వం ఫిబ్రవరి 24 నుండి రెండు వారాలపాటు 20 మంది కంటే తక్కువ ఉద్యోగులు గల వ్యాపారాల దరఖాస్తులను మాత్రమే స్వీకరించింది. మార్చి నుండి స్వయం ఉపాధి పొందేవారికి నికర లాభానికి బదులు స్థూల ఆదాయం ఆధారంగా లెక్కించే వీలు కల్పించింది. 2021లో మంజూరైన ఋణాల సగటు సుమారు 42,000 డాలర్లు. మొదటి పదమూడు రోజుల సగటుతో పోలిస్తే ఇది అయిదవ వంతు. నియమాలు మారినప్పుడు పొందినవారు కూడా మారారని ఈ తేడా చూపుతుంది.

అక్రమాలు

2021లో చిన్న ఋణాలు పెరగడంలో ఫిన్‌టెక్ అని పిలిచే ఆన్‌లైన్ ఋణ సంస్థలకు పెద్ద పాత్ర ఉంది. బ్యాంకులు పట్టించుకోని చిన్న వ్యాపారులకు, ముఖ్యంగా నల్లజాతి యజమానులకు, అవి ఎక్కువగా ఋణాలు అందించాయని పరిశోధకులు గుర్తించారు. అయితే వాటిలో కొన్ని సంస్థల ఋణాలలో అక్రమాల సూచనలు కూడా ఎక్కువగా ఉన్నాయని ఇతర పరిశోధకులు, 2022 డిసెంబరులో ప్రతినిధుల సభ ఉపసంఘం పేర్కొన్నారు. తలుపులు బార్లా తెరిస్తే అర్హులతో పాటు అనర్హులూ వస్తారు. మూసివేస్తే అర్హులు కూడా బయటే ఉండిపోతారు. ఈ చిక్కు పథకం పొడవునా కొనసాగింది.

లేని కంపెనీల పేరుతో, లేని ఉద్యోగుల పేరుతో ఋణాలు పొందిన పలువురిపై నేర విచారణలు జరిగాయి. ఫ్లోరిడాకు చెందిన ఒక వ్యక్తి సుమారు 39 లక్షల డాలర్లు పొంది, అందులో కొంత సొమ్ముతో ఖరీదైన స్పోర్ట్స్ కారు కొన్నాడు. అతనికి 2021లో ఆరేళ్ళకు పైగా జైలుశిక్ష పడింది. 2022 ఆగస్టులో చేసిన చట్టం ఇటువంటి నేరాలపై అభియోగం మోపే గడువును పదేళ్ళకు పెంచింది.

చిన్న వ్యాపారాల సంస్థ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2023 జూన్ నివేదికలో, ఈ పథకం క్రింద ఇచ్చిన సొమ్ములో సుమారు 6,400 కోట్ల డాలర్లు మోసపూరితమై ఉండవచ్చునని అంచనా వేశాడు. విపత్తు ఋణాల పథకాన్ని కూడా కలిపితే ఆ అంచనా 20,000 కోట్లు. చిన్న వ్యాపారాల సంస్థ దీనితో విభేదించి, తన మహమ్మారి సహాయ పథకాలన్నిటిలో కలిపి అది సుమారు 3,600 కోట్లని పేర్కొంది.

ఆర్థికవేత్తల అంచనాలు

మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన డేవిడ్ ఆటర్, ఇతర పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనం ఎక్కువగా చర్చలోకి వచ్చింది. వారి లెక్క ప్రకారం 2020లో ఇచ్చిన సొమ్ములో 23 నుండి 34 శాతం మాత్రమే ఈ పథకం లేకపోతే ఉద్యోగం కోల్పోయి ఉండేవారికి చేరింది. మిగిలినది వ్యాపారాల యజమానులకు, వాటాదారులకు, అప్పులవారికి, సరఫరాదారులకు చేరింది. దేశంలోని కుటుంబాలను ఆదాయం ప్రకారం అయిదు భాగాలు చేస్తే, పై భాగానికి సుమారు నాలుగింట మూడు వంతుల సొమ్ము చేరింది.

జీతాలకే వాడాలన్న నియమం ఉండగా ఇదెలా జరిగిందనే సందేహం కలుగవచ్చు. వంద మంది పనిచేసే ఒక కర్మాగారాన్ని తీసుకుందాం. సహాయం లేకపోతే యజమాని పదిమందిని తొలగించి, తొంభై మందిని తన సొంత ఆదాయంతో కొనసాగించి ఉండేవాడు. ఇప్పుడు వందమంది జీతమూ ఋణంతో చెల్లించాడు. నియమం పాటించినట్లే. పదిమంది ఉద్యోగాలు నిలిచాయి. కాని తొంభై మందికి తాను చెల్లించవలసిన జీతం యజమాని వద్దే మిగిలింది. ఇందులో మోసం ఏమీ లేదు. పథకం రూపురేఖలే ఈ ఫలితానికి కారణం.

అదే అధ్యయనం ప్రకారం పథకం 20 నుండి 30 లక్షల ఉద్యోగాలను ఒక సంవత్సరంపాటు నిలబెట్టడంతో సమానమైన ఫలితం ఇచ్చింది. అలా నిలిచిన ఒక్కొక్క ఉద్యోగానికి ఖర్చు సుమారు 1,69,000 నుండి 2,58,000 డాలర్లు. ప్రతి సంస్థ జీతాల వివరాలు ఎప్పటికప్పుడు ప్రభుత్వం వద్ద ఉండే దేశాలు సహాయాన్ని నష్టపోయినవారికే ఇవ్వగలిగాయని, అమెరికాకు అటువంటి యంత్రాంగం లేదని ఈ పరిశోధకులు వివరించారు. మూతపడి ఉండే వ్యాపారాలు నిలబడటం వలన దీర్ఘకాలంలో కలిగే మేలు ఈ లెక్కలలో పూర్తిగా కనిపించదని పథకాన్ని సమర్థించేవారు అంటారు.

విద్యార్థి ఋణాలతో పోలిక

90 శాతానికి పైగా ఋణాలు పూర్తిగా గాని, కొంతవరకు గాని మాఫీ అయ్యాయి. 2022 ఆగస్టులో బైడెన్ విద్యార్థి ఋణాలలో కొంత మాఫీ చేస్తానని ప్రకటించినప్పుడు పాత చర్చ తిరిగి మొదలైంది. ఆ ప్రకటనను విమర్శించిన కాంగ్రెసు సభ్యులలో కొందరి వ్యాపార ఋణాలు మాఫీ అయిన సంగతిని శ్వేతసౌధం బహిరంగంగా ప్రస్తావించింది. ఉదాహరణకు మార్జొరీ టేలర్ గ్రీన్‌కు సంబంధించిన 1,83,504 డాలర్ల ఋణాన్ని పేర్కొంది. ప్రభుత్వమే మూసివేయించిన వ్యాపారాలకు మొదటినుండీ మాఫీ షరతుతో ఇచ్చిన ఋణాన్ని, తిరిగి చెల్లిస్తామన్న ఒప్పందంతో తీసుకున్న చదువు అప్పుతో పోల్చరాదని విమర్శకులు బదులిచ్చారు. విద్యార్థి ఋణమాఫీ పథకాన్ని 2023 జూన్ 30న అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఒక వర్గం అప్పును "సహాయం" అని, మరొక వర్గం అప్పును "బాధ్యత" అని ఎందుకు పిలుస్తామన్న ప్రశ్న మాత్రం మిగిలి ఉంది.

భారతదేశంలోని పథకంతో పోలిక

భారత ప్రభుత్వం 2020 మే నెలలో ప్రకటించిన అత్యవసర ఋణ హామీ పథకం స్వరూపంలో భిన్నమైనది. 3 లక్షల కోట్ల రూపాయల ఈ పథకంలో బ్యాంకు అప్పుకు ప్రభుత్వం పూర్తి హామీ ఇచ్చింది గాని మాఫీ లేదు. మొదట్లో 2020 ఫిబ్రవరి 29 నాటికి ఉన్న బాకీలో 20 శాతం వరకు అదనపు ఋణం ఇచ్చారు. 10 లక్షల బాకీ ఉన్న పరిశ్రమకు 2 లక్షలు లభిస్తాయి. బ్యాంకు అప్పు లేకుండా నడిచే చిన్న దుకాణానికి దీని క్రింద ఏమీ రాదు. వీధి వ్యాపారులకు 10,000 రూపాయల ఋణం ఇచ్చే పీఎం స్వనిధి పథకాన్ని 2020 జూన్‌లో విడిగా ప్రారంభించారు. సహాయం ఏ దారిలో వెళుతుందో ఆ దారిలో ఇదివరకే ఉన్నవారికి ముందుగా అందుతుందన్న విషయం రెండు దేశాల అనుభవంలోనూ కనిపిస్తుంది.

పర్యవసానం

పేచెక్ ప్రొటెక్షన్ ప్రోగ్రాం గురించి ఏకాభిప్రాయం ఏర్పడలేదు. అది లక్షలాది ఉద్యోగాలను నిలబెట్టిందన్నది నిజం. అందుకు అయిన ఖర్చులో ఎక్కువ భాగం అంత అవసరం లేనివారికి చేరిందన్నదీ నిజం. ఈ రెండింటినీ అంకెలతో చెప్పగలగడానికి 2020 డిసెంబరులో వెలువడిన జాబితా కూడా తోడ్పడింది. పేర్లు, మొత్తాలు బయటకు రాకపోతే పత్రికల విమర్శలకు ఆధారం చాలావరకు ఉండేది కాదు. నియమాలలో వచ్చిన మార్పులు కూడా పొందినవారెవరో తెలిసిన తరువాత వచ్చినవే.

ఇవి కూడా చూడండి

- కోవిడ్-19 మహమ్మారి
- కేర్స్ చట్టం
- సమాచార హక్కు చట్టం
- ఋణమాఫీ
- సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమలు